ఇన్వర్టర్ లోపల ఏం జరుగుతుంది? మెట్ల కింది బ్యాటరీ నుంచి డాబా మీది సోలార్ దాకా

“ఇన్వర్టర్ ఏసీ కొన్నాం కదా, ఇక కరెంట్ పోయినా ఫర్వాలేదు” అనుకునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటారు. డాబా మీద సోలార్ పెట్టించుకున్నాక, మిట్టమధ్యాహ్నం కరెంట్ పోయి ఇల్లంతా ఆగిపోతే “ఇంత ఎండ కాస్తోంది, మరి ఈ ప్యానెళ్లు ఎందుకు పనిచేయవు?” అని అమ్మినవాళ్లకు ఫోన్ చేసేవాళ్లూ ఎక్కువే. ఇక మెట్ల కింద బ్యాటరీతో ఏళ్ల తరబడి నడుస్తున్న మామూలు ఇన్వర్టర్ సంగతి చూద్దాం. కరెంట్ పోయి దాని మీదికి మారగానే ఫ్యాన్ గుయ్యిమని ఎందుకు మోగుతుందో, 900 వీఏ అని రాసి ఉన్న డబ్బా 800 వాట్ల లోడుకే ఎందుకు బీప్ కొడుతుందో చాలామందికి ఎవరూ విడమరిచి చెప్పరు.

ఈ మూడింటికీ పేరు ఒకటే. లోపల జరిగే అసలు పని కూడా ఒకటే. ఒకే దిశలో పారే డీసీ కరెంట్‌ను అటూ ఇటూ మారే ఏసీ కరెంట్‌గా మార్చడం. తేడాలు మూడు ప్రశ్నల దగ్గర వస్తాయి. ఆ డీసీ ఎక్కడి నుంచి వస్తోంది? దాన్ని ఎంత నున్నటి ఏసీగా మారుస్తోంది? ఆ అటూ ఇటూ మారే లయను ఎవరు నిర్ణయిస్తున్నారు? ఇవి తెలిస్తే షాపులో వినిపించే మాటల్లో చాలావరకు వాటంతట అవే అర్థమవుతాయి. గందరగోళం లేకుండా, ఇక్కడ నుంచి ఏసీ అంటే కరెంట్ అనే తీసుకోండి. గదిని చల్లబరిచే యంత్రాన్ని ఎయిర్ కండిషనర్ అనే రాస్తాను.

డీసీతో ఇల్లు ఎందుకు నడవదు

బ్యాటరీకి ప్లస్, మైనస్ ఉంటాయి. కరెంట్ ఎప్పుడూ ఒకే దిశలో వస్తుంది. సోలార్ ప్యానెల్ కూడా అంతే. మన ఇళ్లకు వచ్చే సరఫరా అలా కాదు. న్యూట్రల్‌తో పోలిస్తే ఫేజ్ వైరు ఒకసారి ప్లస్ వైపు, ఒకసారి మైనస్ వైపు ఊగుతుంది. ఒక పూర్తి ఊపుకు 20 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే సెకనుకు 50 ఊపులు, దీన్నే 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ అంటారు. 230 వోల్టులు అని మనం చెప్పేది దాని ప్రభావాన్ని కొలిచే విలువ. ఊపు శిఖరానికి చేరిన క్షణంలో వోల్టేజి దాదాపు 325 దాకా వెళ్తుంది. ఈ 325ను గుర్తుపెట్టుకోండి. చవక ఇన్వర్టర్లు ఎందుకు ఇబ్బంది పెడతాయో దీనితోనే తెలుస్తుంది.

12 వోల్టుల బ్యాటరీ నుంచి 230 వోల్టులు రాబట్టాలంటే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒక వైండింగ్ నుంచి రెండో వైండింగ్‌కు కరెంట్ నేరుగా పోదు. మొదటిదానిలో కరెంట్ మారుతూ ఉంటే కోర్‌లోని అయస్కాంత క్షేత్రం కూడా మారుతుంది, ఆ మార్పు వల్ల రెండోదానిలో వోల్టేజి పుడుతుంది. డీసీ ఇస్తే మార్పే ఉండదు కాబట్టి అవతల ఏమీ రాదు, ఇవతల వైండింగ్ వేడెక్కి కాలిపోతుంది. మామూలు సీలింగ్ ఫ్యాన్ మోటారు తిరగాలన్నా ఇలా మారే కరెంటే కావాలి.

ఫోన్ చార్జర్, ఎల్ఈడీ బల్బు, టీవీ మాత్రం వచ్చిన ఏసీని లోపల మళ్లీ డీసీగా మార్చుకునే వాడుకుంటాయి. అంటే బ్యాటరీలోని డీసీని ఏసీ చేసి, దాన్ని బల్బులో మళ్లీ డీసీ చేస్తున్నాం. రెండు చోట్లా కొంత కరెంట్ వేడిగా పోతుంది. ఈ నష్టం లేకుండా చేయాలని ఐఐటీ మద్రాస్‌లో అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం 48 వోల్టుల డీసీ మీదే ఫ్యాన్లు, లైట్లు నడిచే పద్ధతిని తయారు చేసింది. దానికి పెట్టిన పేరు కూడా ‘ఇన్వర్టర్‌లెస్’. మంచి ఆలోచన. కానీ ఇప్పటికే కట్టి ఉన్న ఇళ్లలో వైరింగ్, స్విచ్‌లు, సామాన్లు అన్నీ ఏసీకి అలవాటు పడి ఉన్నాయి కాబట్టి ఇన్వర్టర్ అవసరం మనకు చాలాకాలం ఉంటుంది.

నాలుగు స్విచ్‌లు

ఇన్వర్టర్ గుండెకాయలో నాలుగు స్విచ్‌లు ఉంటాయి. ఎడమ పక్కన పైన ఒకటి, కింద ఒకటి. కుడి పక్కన పైన ఒకటి, కింద ఒకటి. పైన రెండూ బ్యాటరీ ప్లస్‌కు, కింద రెండూ మైనస్‌కు కలిపి ఉంటాయి. రెండు పక్కల మధ్యలో అడ్డంగా లోడు, లేదా ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ ఉంటుంది. ఎడమ పైది, కుడి కిందిది ఆన్ చేస్తే లోడులో కరెంట్ ఎడమ నుంచి కుడికి పారుతుంది. వాటిని ఆపి మిగతా రెండూ ఆన్ చేస్తే కుడి నుంచి ఎడమకు పారుతుంది. బ్యాటరీ మాత్రం ఎప్పటిలా ఒకే దిశలో కరెంట్ ఇస్తూ ఉంటుంది. దిశ మారుతున్నది లోడుకే. సెకనుకు వంద సార్లు ఇలా దిశ మార్చితే 50 హెర్ట్జ్ ఏసీ తయారైనట్టే.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఒకే పక్కన ఉన్న పైదీ కిందిదీ ఒకేసారి ఆన్ అయితే బ్యాటరీ ప్లస్, మైనస్ నేరుగా కలిసిపోయి షార్ట్ అవుతుంది. అందుకే ఒక జత ఆగాక రెండో జత మొదలయ్యే ముందు కొద్ది మైక్రోసెకన్ల విరామం ఇస్తారు. రిపేరు చేసే కుర్రాడు డబ్బా విప్పి “మోస్‌ఫెట్లు పోయాయి సార్” అంటే, ఈ స్విచ్‌లు కాలిపోయాయని అర్థం. ఓవర్‌లోడు, వేడి, వదులైన కనెక్షన్ వంటివన్నీ చివరికి చూపించేది వీటి మీదే.

గోడ మీది స్విచ్ సెకనుకు వంద సార్లు పడి లేవలేదు కదా. అందుకే ఒకప్పుడు డీసీ మోటారుతో ఏసీ జనరేటర్‌ను తిప్పించేవారు, మధ్యలో స్విచ్‌ల ఊసే లేదు. తర్వాత పాదరసపు ఆవిరి ఉండే వాల్వులు వచ్చాయి. 1957లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ థైరిస్టర్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌ను తయారు చేశాక కదిలే భాగాలు లేని ఇన్వర్టర్లు పెద్ద ఎత్తున వచ్చాయి. ఆ తర్వాతివి మోస్‌ఫెట్, ఐజీబీటీ. 12 నుంచి 48 వోల్టుల బ్యాటరీ మీద పనిచేసే ఇంటి ఇన్వర్టర్లలో మోస్‌ఫెట్లు ఉంటాయి. వందల, వేల వోల్టులు ఉండే చోట, అంటే రైలింజన్లలో, పెద్ద సోలార్ ప్లాంట్లలో ఐజీబీటీలు ఉంటాయి. ఐజీబీటీని 1980ల్లో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేస్తూ అభివృద్ధి చేసిన జయంత్ బాలిగా చెన్నైలో పుట్టి, ఐఐటీ మద్రాస్‌లో చదివిన మనిషి. 2024లో ఫిన్లాండ్ ఇచ్చే మిలీనియం టెక్నాలజీ బహుమతి ఆయనకు వచ్చింది. ఇన్ని కోట్ల యంత్రాల్లో పనిచేస్తున్న వస్తువు వెనక ఉన్న ఆయన పేరు మన పిల్లల పాఠాల్లో ఉండాల్సినంతగా లేదు.

ఫ్యాన్ ఎందుకు మోగుతుంది

నాలుగు స్విచ్‌లను అతి సులువుగా నడిపితే, పది మిల్లీసెకన్లు ప్లస్, పది మిల్లీసెకన్లు మైనస్, మధ్యలో ఏమీ లేకుండా నిట్టనిలువుగా మారిపోయే తరంగం వస్తుంది. గీసి చూస్తే పెట్టెల వరుసలా ఉంటుంది. ఇదే స్క్వేర్ వేవ్. చవక. కానీ దీనితో రెండు చిక్కులున్నాయి.

మొదటిది వోల్టేజి శిఖరం. స్క్వేర్ వేవ్‌లో శిఖరం, ప్రభావ విలువ రెండూ ఒకటే. 230 ఇస్తే శిఖరం కూడా 230 దగ్గరే ఆగుతుంది. టీవీ, కంప్యూటర్, చార్జర్ లాంటివి తమ లోపలి కెపాసిటర్‌ను శిఖరపు వోల్టేజి దాకా నింపుకుని పనిచేస్తాయి. 325 అందాల్సిన చోట 230 అందితే కొన్ని సర్దుకుంటాయి, కొన్ని ఎక్కువ కరెంట్ లాగుతాయి, కొన్ని మొరాయిస్తాయి.

రెండోది హార్మోనిక్స్. నిట్టనిలువు అంచులున్న ఏ తరంగంలోనైనా 50 హెర్ట్జ్‌తో పాటు దానికి మూడు రెట్లు, ఐదు రెట్లు, ఏడు రెట్లు వేగంగా ఊగే తరంగాలు కలిసి ఉంటాయి. స్క్వేర్ వేవ్‌లో 150 హెర్ట్జ్ తరంగం అసలు తరంగంలో మూడో వంతు, 250 హెర్ట్జ్‌ది ఐదో వంతు. అన్నీ కలిపి లెక్కిస్తే ఈ కల్తీ 48 శాతం దాకా వస్తుంది. ఫ్యాన్ మోటారును సరిగ్గా తిప్పేది 50 హెర్ట్జ్ ఒక్కటే. మిగతావి వైండింగ్‌ను వేడి చేస్తాయి, ఇనుప రేకులను కంపింపజేస్తాయి. మనకు వినిపించే ఆ గుయ్యి శబ్దం ఇదే. కెపాసిటర్ ఉన్న స్టెప్ రెగ్యులేటర్ వాడుతుంటే మోత ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ కెపాసిటర్ ఎక్కువ కరెంట్‌ను వదిలేస్తుంది. చాలా ఇళ్లలో ఫ్యాన్‌ను ఫుల్ స్పీడులో పెట్టగానే మోత తగ్గడానికి కారణం, ఆ స్థానంలో కెపాసిటర్ దారిలో లేకపోవడమే.

మోడిఫైడ్ సైన్ వేవ్ ఈ మొదటి చిక్కుకు తెలివైన పరిష్కారం. ప్లస్ నుంచి మైనస్‌కు వెళ్లేముందు కాసేపు సున్నా దగ్గర ఆగుతుంది. ప్రతి పది మిల్లీసెకన్లలో ఐదు మిల్లీసెకన్లు 325 వోల్టుల దగ్గర, ఐదు మిల్లీసెకన్లు సున్నా దగ్గర ఉంచితే శిఖరమూ 325 అవుతుంది, ప్రభావ విలువా లెక్క ప్రకారం 230 అవుతుంది. ఒక్క మార్పుతో రెండూ సరిపోయాయి. కల్తీ మాత్రం ఈ లెక్కలో స్క్వేర్ వేవ్‌లో లాగే 48 శాతం దగ్గరే ఉంటుంది. అంచులు ఇంకా నిట్టనిలువుగానే ఉన్నాయి కాబట్టి మోత, వేడి పోవు. పేరులో ‘సైన్ వేవ్’ ఉందని మోసపోవద్దు. ఇది స్క్వేర్ వేవ్‌కు దగ్గరి బంధువే.

ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ దారి వేరు. అది స్విచ్‌లను సెకనుకు వంద సార్లు కాదు, వేల సార్లు ఆన్ ఆఫ్ చేస్తుంది. తరంగం సున్నాకు దగ్గరగా ఉండాల్సిన చోట ప్రతిసారీ చాలా తక్కువ సమయం ఆన్ చేస్తుంది. శిఖరం దగ్గరికి వచ్చేకొద్దీ ఆన్ ఉండే సమయం పెంచుతుంది, దిగేటప్పుడు మళ్లీ తగ్గిస్తుంది. ఎప్పుడు ఎంతసేపు అన్న లెక్క ఒక చిన్న మైక్రోకంట్రోలర్ చిప్ చూసుకుంటుంది. ఈ పద్ధతినే పీడబ్ల్యూఎం అంటారు. ఇలా వచ్చిన సన్నని ముక్కలను కాయిల్, కెపాసిటర్ కలిసిన ఫిల్టర్ గుండా పంపితే, వేగంగా మారే భాగం ఆగిపోయి వాటి సగటు మాత్రం బయటికి వస్తుంది. ఆ సగటే నున్నటి సైన్ తరంగం. కల్తీ సాధారణంగా 5 శాతం లోపే ఉంటుంది. ముక్కలు చేసే వేగం 20 వేల హెర్ట్జ్ దగ్గర ఉంటే మన చెవికి ఆ శబ్దం అందదు కూడా.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఇంటికి ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు స్క్వేర్ వేవ్ జోలికి వెళ్లొద్దు. నాలుగు బల్బులు మాత్రమే వెలిగించే చిన్న కొట్టుకైతే సరే. ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ లాంటి వైద్య పరికరం ఉంటే ప్యూర్ సైన్ తప్ప వేరే ఆలోచన వద్దు.

బరువెందుకు ఉంటుంది

షాపులో రెండు ప్యూర్ సైన్ డబ్బాలు పక్కపక్కన ఉంటాయి. ఒకటి ఎత్తాలంటే ఇద్దరు కావాలి, ఇంకొకటి ఒక చేత్తో ఎత్తొచ్చు. బరువైనదానిలో 12 వోల్టుల దగ్గరే తరంగాన్ని తయారు చేసి, దాన్ని పెద్ద ఇనుప ట్రాన్స్‌ఫార్మర్‌తో 230కి పెంచుతారు. 50 హెర్ట్జ్‌కు పనిచేసే ట్రాన్స్‌ఫార్మర్‌కు అంత ఇనుము, అంత వైండింగ్ తప్పవు. తేలికైనదానిలో ముందు బ్యాటరీ డీసీని చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీకి మార్చి, చిన్న ఫెరైట్ ట్రాన్స్‌ఫార్మర్‌తో పెంచి, సుమారు 350 నుంచి 400 వోల్టుల డీసీ తయారు చేస్తారు. ఆ తర్వాత నాలుగు స్విచ్‌లతో దాన్ని ఏసీ చేస్తారు. ఫ్రీక్వెన్సీ పెరిగితే ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదవుతుంది. మోటారు స్టార్ట్ అయ్యేటప్పటి తాకిడిని బరువైనది బాగా తట్టుకుంటుంది. పైగా కరెంట్ వచ్చాక అదే ట్రాన్స్‌ఫార్మర్, అవే మోస్‌ఫెట్లు తిరగబడి పనిచేసి బ్యాటరీని చార్జ్ చేస్తాయి. మన ఇళ్లలో ఇదే ఎక్కువ.

వీఏ, వాట్లు, ఆంపియర్ అవర్లు

ఎక్కువమంది దెబ్బతినేది ఈ అంకెల దగ్గరే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

మోటారు లాంటి లోడులో కరెంట్, వోల్టేజి ఒకేసారి శిఖరానికి చేరవు. అందువల్ల వైరులో పారే కరెంట్ అంతా ఉపయోగపడే పనిగా మారదు. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చేది వీఏ. అందులో నిజంగా పనిచేసేది వాట్లు. ఈ రెంటి నిష్పత్తి పవర్ ఫ్యాక్టర్. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండేది వీఏ. 0.8 పవర్ ఫ్యాక్టర్ ప్రకారం 900 వీఏ అంటే 720 వాట్లే. కొనేముందు లేబుల్ మీద చిన్న అక్షరాలతో ఉండే వాట్ల అంకెను వెతకండి.

ఆ 720 వాట్లను 12 వోల్టుల బ్యాటరీ నుంచి తీయాలంటే లెక్కకు 60 ఆంపియర్లు, నష్టాలు కలిపితే 70 దాటుతుంది. బ్యాటరీ వైర్లు అంత లావుగా ఉండేది అందుకే. టెర్మినల్ కాస్త వదులై అక్కడ ఒక ఓమ్‌లో నూరో వంతు నిరోధం వచ్చినా, 70 ఆంపియర్లకు ఆ ఒక్క చోటే దాదాపు 50 వాట్లు వేడిగా మారతాయి. టెర్మినల్ దగ్గర కరిగిన ప్లాస్టిక్ కనిపిస్తే కారణం చాలాసార్లు ఇదే. రెండు బ్యాటరీలను సిరీస్‌లో కలిపి 24 వోల్టులు చేస్తే అదే లోడుకు కరెంట్ సగమవుతుంది. పెద్ద ఇన్వర్టర్లన్నీ 24, 48 వోల్టులకు వెళ్లేది దీనికే.

ఇక బ్యాకప్ ఎంతసేపు? 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 12 వోల్టుల దగ్గర 1,800 వాట్ అవర్లు ఉంటాయని లెక్క. మూడు మామూలు ఫ్యాన్లకు 225 వాట్లు, ఐదు ఎల్ఈడీ బల్బులకు 45, వైఫైకి 10, మొత్తం 280 వాట్లు వేసుకుందాం. ఇన్వర్టర్‌లో పోయేదాన్ని కూడా కలుపుకుంటే బ్యాటరీ మీద భారం సుమారు 350 వాట్లు. కాగితం మీద ఐదు గంటలు రావాలి. కొత్త బ్యాటరీకే నాలుగు గంటల దగ్గర ఆగుతుంది. ఎందుకంటే ఆ 150 అంకె సీ20 లెక్క, అంటే 7.5 ఆంపియర్ల చొప్పున 20 గంటల పాటు మెల్లగా వాడితే వచ్చేది. మనం దాదాపు 30 ఆంపియర్లు లాగుతున్నాం. లెడ్ యాసిడ్ బ్యాటరీని ఎంత వేగంగా పిండితే అంత తక్కువ ఇస్తుంది. సోలార్‌కు అమ్మే బ్యాటరీల మీద సీ10 అని ఉంటుంది, అంటే 10 గంటల్లోనే వాడేస్తే వచ్చే లెక్క. రెండింటి మీదా 150 అనే రాసి ఉన్నా సీ10ది నిజంగా ఎక్కువ సామర్థ్యం ఉన్న బ్యాటరీ.

ఇప్పుడు అవే మూడు ఫ్యాన్లను 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లుగా మార్చండి. 280 వాట్ల లోడు 145కు దిగుతుంది. బ్యాటరీ మీద భారం సగమవడమే కాదు, మెల్లగా వాడుతున్నందుకు అది తనలోని శక్తిని ఎక్కువగా ఇస్తుంది కూడా. బ్యాకప్ నాలుగు గంటల నుంచి ఎనిమిది గంటల దాకా వెళ్తుంది. బ్యాకప్ చాలడం లేదని రెండో బ్యాటరీ కొనబోయేవాళ్లు ముందు ఫ్యాన్లు మార్చి చూడాలని నేను గట్టిగా చెప్తాను. ఆ ఖర్చు కరెంట్ ఉన్నప్పుడు బిల్లులో కూడా తిరిగొస్తుంది.

ఫ్రిజ్ సంగతి వేరు. పాత రకం ఫ్రిజ్ కంప్రెసర్ నడిచేటప్పుడు 150 వాట్లే తీసుకున్నా, స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి అనేక రెట్లు లాగుతుంది. ఆ క్షణంలోనే ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది. మిక్సీ, ఇస్త్రీ పెట్టె, గీజర్‌లను ఆ లైనుకు దూరంగా ఉంచాలి.

చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్, ఇన్వర్టర్ మోడ్ అని ఒక చిన్న స్విచ్ ఉంటుంది. యూపీఎస్ మోడ్‌లో కరెంట్ పోయాక 10 నుంచి 20 మిల్లీసెకన్లలో బ్యాటరీకి మారుతుంది కాబట్టి కంప్యూటర్ ఆగదు. కానీ వోల్టేజి సుమారు 180 కంటే తగ్గినా, 260 దాటినా ఊరుకోదు, బ్యాటరీకి మారిపోతుంది. లో వోల్టేజి ఎక్కువగా ఉండే ఊళ్లలో దీన్ని యూపీఎస్ మోడ్‌లో వదిలేస్తే సాయంత్రాలు కరెంట్ ఉండగానే బ్యాటరీ ఖాళీ అవుతుంది. బ్యాటరీ పాడైందని అనుకునేముందు ఈ స్విచ్ ఒకసారి చూడండి.

ఇన్వర్టర్ ఎయిర్ కండిషనర్‌లో ఉన్నది ఏ ఇన్వర్టర్

ఇన్వర్టర్ ఎయిర్ కండిషనర్‌లో బ్యాటరీ ఉండదు. గోడ నుంచి వచ్చిన ఏసీని ముందు డీసీ చేస్తుంది. అదే నాలుగు స్విచ్‌ల సూత్రంతో, ఈసారి ఆరు స్విచ్‌లతో, మళ్లీ త్రీ ఫేజ్ ఏసీగా మార్చి కంప్రెసర్ మోటారుకు ఇస్తుంది. ఇంత తిప్పలు ఎందుకంటే ఫ్రీక్వెన్సీ ఇప్పుడు దాని చేతిలో ఉంది. సరఫరా ఇచ్చే 50 హెర్ట్జ్‌కే కట్టుబడి ఉండే కంప్రెసర్‌కు తిరగడం, ఆగడం తప్ప వేరే దారి లేదు. ఫ్రీక్వెన్సీ మార్చగలిగితే గది వేడిగా ఉన్నప్పుడు వేగంగా, చల్లబడ్డాక నెమ్మదిగా తిప్పొచ్చు. పొదుపు అక్కడే వస్తుంది. మెల్లగా మొదలవుతుంది కాబట్టి స్టార్టింగ్ తాకిడి కూడా ఉండదు. ఆ రకంగా చూస్తే, పెద్ద బ్యాటరీ ఇన్వర్టర్ మీద నడపాల్సి వస్తే మామూలు దానికంటే ఇదే అనువైనది.

సికింద్రాబాద్ స్టేషన్‌లో డబ్ల్యూఏపీ 7 ఇంజన్ కదిలేటప్పుడు దగ్గర నిలబడితే స్వరం మారుతూ వినిపించే ఒక సన్నని ధ్వని ఉంటుంది. అక్కడ జరుగుతున్నదీ ఇదే. పైనున్న తీగ నుంచి 25 వేల వోల్టుల సింగిల్ ఫేజ్ ఏసీ తీసుకుని, తగ్గించి, డీసీ చేసి, తిరిగి కావలసిన ఫ్రీక్వెన్సీతో త్రీ ఫేజ్ ఏసీగా మోటార్లకు పంపుతుంది. ఆరు వేల పైచిలుకు హార్స్‌పవర్ ఆ స్విచ్‌ల గుండానే వెళ్తుంది.

ఎండ ఉన్నా సోలార్ ఎందుకు ఆగుతుంది

2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలయ్యాక, 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ వస్తుండటంతో మన ఊళ్లలో డాబాల మీద ప్యానెళ్లు పెరిగాయి. ఇళ్ల మీద కనిపించే వాటిలో ఎక్కువ భాగం ఆన్‌గ్రిడ్ పద్ధతివి. అంటే బ్యాటరీ ఉండదు. ప్యానెళ్ల డీసీని ఇన్వర్టర్ ఏసీ చేసి ఇంటికి ఇస్తుంది, మిగిలింది నెట్ మీటర్ గుండా డిస్కం లైనులోకి పంపుతుంది.

లయ ఎవరిది అన్న ప్రశ్న ఇక్కడ ముఖ్యం. మెట్ల కింది ఇన్వర్టర్ తన లయను తానే వేసుకుంటుంది. ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ అలా చేయడానికి లేదు, ఎందుకంటే అవతల లైనులో ఇప్పటికే ఒక లయ నడుస్తోంది. కోలాటం మధ్యలో చేరే మనిషి ముందు కాసేపు పక్కన నిలబడి అడుగులు గమనించి, సరిగ్గా కోల పడే క్షణానికి తన కోల కలుపుతాడు. ఈ ఇన్వర్టర్ కూడా అంతే. లైను వోల్టేజి, ఫ్రీక్వెన్సీలను చదివి, వాటితో తన తరంగాన్ని పూర్తిగా కలిపాకే కరెంట్ పంపుతుంది. లైను ఆగిందంటే దానికి అనుసరించడానికి ఏమీ లేదు, తానూ ఆగుతుంది.

ఇది లోపం కాదు, కావాలని పెట్టిన నియమం. కరెంట్ తీసేసి లైన్‌మన్ స్తంభం ఎక్కినప్పుడు, మన డాబా నుంచి కరెంట్ ఆ తీగలోకి వెళ్తే అతని ప్రాణం పోతుంది. అందుకే సరఫరా పోయిన రెండు సెకన్లలోపు ఈ ఇన్వర్టర్ తనంతట తాను విడిపోవాలి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంట్ లేదు. అలాంటి సమయంలో పైన ఎండ ఎంత కాసినా ఉత్త ఆన్‌గ్రిడ్ సోలార్‌తో ఫోన్ కూడా చార్జ్ కాదు. తుపాను తీరంలో ఉండేవాళ్లు దీన్ని తెలుసుకుని ఎంచుకోవాలి.

హైబ్రిడ్ ఇన్వర్టర్ ఈ రెండు గుణాలూ ఉన్నది. లైను ఉన్నప్పుడు దాని లయను అనుసరిస్తుంది. లైను పోగానే దాని నుంచి తెగిపోయి, బ్యాటరీ ఆసరాతో ఇంట్లో కొన్ని సర్క్యూట్లకు తన లయ తానే వేస్తుంది. ఖర్చు ఎక్కువ. కోతలు అరుదుగా ఉండే నగరాల్లో ఆన్‌గ్రిడ్ సోలార్‌తో పాటు పాత ఇన్వర్టర్, బ్యాటరీని విడిగా ఉంచుకోవడమే మేలని నాకనిపిస్తుంది. కోతలు రోజూ ఉండే చోట, తుపాను ప్రాంతాల్లో హైబ్రిడ్‌కు పెట్టే డబ్బు వృథా కాదు. లైనే లేని తోట ఇంటికి ఆఫ్‌గ్రిడ్ తప్పదు.

సోలార్ ఇన్వర్టర్‌కు ఇంకో పని ఉంది. ప్యానెల్ ఏ వోల్టేజి దగ్గర ఎక్కువ శక్తి ఇస్తుందో అది ఎండతో, వేడితో మారుతూ ఉంటుంది. ఆ బిందువును అనుక్షణం వెతికి పట్టుకునే పద్ధతి పేరు ఎంపీపీటీ. మామూలు స్ట్రింగ్ ఇన్వర్టర్‌లో ప్యానెళ్లన్నీ వరుసగా ఒకదానికొకటి కలిసి ఉంటాయి కాబట్టి, పక్కింటి నీళ్ల ట్యాంకు నీడ ఒక ప్యానెల్ మీద పడినా మొత్తం వరుస మీద ప్రభావం ఉంటుంది. నీడ తప్పని డాబాలకు ప్రతి ప్యానెల్ కింద విడిగా పెట్టే మైక్రోఇన్వర్టర్లు ఉన్నాయి.

ఇదే సూత్రం ఎంత పెద్దగా పనిచేస్తుందో చూడాలంటే విశాఖ దగ్గరి గాజువాకకు వెళ్లాలి. 2013 డిసెంబర్ 31 దాకా దక్షిణాది గ్రిడ్ లయ వేరు, మిగతా దేశం లయ వేరు. రెండూ 50 హెర్ట్జే అయినా అడుగు కలవదు కాబట్టి నేరుగా కలపడానికి లేదు. తూర్పు గ్రిడ్ నుంచి వచ్చిన ఏసీని గాజువాక స్టేషన్‌లో డీసీ చేసి, అదే ఆవరణలో దక్షిణాది లయకు సరిపోయే ఏసీగా మార్చి ఇటు పంపేవారు. 500 మెగావాట్ల చొప్పున రెండు దశల్లో కట్టారు. మన ఇంట్లో ఉన్నదానికీ దానికీ పరిమాణంలో తేడా తప్ప పనిలో లేదు.

బిగించేటప్పుడు

లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. గాలి ఆడని అల్మారాలో పెట్టకూడదు, దగ్గర దీపం వెలిగించకూడదు. ఆవిరై తగ్గేది నీళ్లే కాబట్టి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. యాసిడ్ కలపకూడదు, ఆర్వో నీళ్లలో ఇంకా లవణాలుంటాయి కాబట్టి అవీ వద్దు. టెర్మినళ్ల మీద పేరుకునే తెల్లటి, పచ్చటి పొడిని వేడినీళ్లతో కడిగి, తుడిచి, పెట్రోలియం జెల్లీ రాయాలి.

ఇన్వర్టర్ పెట్టాక ఆర్‌సీసీబీ ఊరికే ట్రిప్ అవుతుంటే, ఇన్వర్టర్ లైను ఫేజ్‌ను విడిగా లాగి న్యూట్రల్‌ను మాత్రం దగ్గరలో దొరికిన వైరుకు కలిపి ఉంటారు. వెళ్లిన కరెంట్, తిరిగొచ్చిన కరెంట్ సమానంగా ఉన్నాయా అని చూడటమే ఆర్‌సీసీబీ పని, తిరిగొచ్చేది వేరే దారిలో వస్తే లీకేజీ అనుకుని ఆపేస్తుంది. దానికి విరుగుడు ఆర్‌సీసీబీని పీకేయడం కాదు, న్యూట్రల్‌ను విడిగా లాగించడం. ఎలక్ట్రీషియన్ “ఇది లేకపోయినా ఫర్వాలేదు” అంటే ఒప్పుకోవద్దు.

అన్నిటికంటే ముఖ్యం, ఇన్వర్టర్ లేదా జనరేటర్ అవుట్‌పుట్‌కు రెండు వైపులా ప్లగ్ ఉన్న వైరు తగిలించి గోడ సాకెట్‌లో గుచ్చి ఇంటికి కరెంట్ ఇవ్వడం ఎక్కడా చేయకూడదు. మెయిన్ ఆపడం మరిచిపోతే ఆ 230 వోల్టులు వీధిలోకి వెళ్లి, ట్రాన్స్‌ఫార్మర్‌లో తిరగబడి 11 వేల వోల్టులుగా మారి, కరెంట్ లేదనుకుని పనిచేస్తున్న లైన్‌మన్ చేతికి తగులుతాయి. లైను, జనరేటర్ రెండూ ఒకేసారి కలవకుండా అడ్డుకునే చేంజోవర్ స్విచ్ షాపుల్లో దొరుకుతుంది. దాన్ని మెయిన్ బోర్డు దగ్గర లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో పెట్టించుకోవాలి.